గట్టు మీదకి రెడీమిక్స్ లారీని రమ్మనేది ఎవరండీ?

సంపాదకుడు గారికి నమస్కారం.

మన గోదావరి డెల్టాలో రెడీమిక్స్ లారీ, అంటే ప్లాంట్‌లో కలిపిన కాంక్రీటుని తిరిగే డ్రమ్ములో మోసుకొచ్చే లారీ, కాలవలోకో పొలంలోకో ఒరిగిన ప్రతిసారీ వార్త ఒకేలా వస్తుంది. డ్రైవర్ అజాగ్రత్త, లారీ బోల్తా, క్రేన్ తెచ్చి తీశారు, రాకపోకలు ఆగాయి, అంతే. ఆ లారీని అసలు ఆ గట్టు మీదకి ఎవరు రమ్మన్నారని ఎవరూ అడగరు. నేను చాలాకాలం లారీ తోలినవాణ్ణి, ఇప్పుడు పాలకొల్లు చుట్టుపక్కల సైట్ల మీద సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. నాకు తెలిసిన జవాబు చెప్తాను. రమ్మనేది మనమే, అంటే ఇల్లు కట్టుకునేవాళ్లూ, కాంట్రాక్టర్లూ, నాలాంటి సూపర్‌వైజర్లూ.

స్లాబ్ రోజు సంగతి మీకు తెలియనిది కాదు. ముహూర్తం చూసి కొబ్బరికాయ కొడతారు, చుట్టాలొస్తారు, ఒకపక్క బిర్యానీ ఉడుకుతూ ఉంటుంది, వైబ్రేటర్ పట్టుకుని కుర్రాళ్లు పైన నిలబడి ఉంటారు, ఇంకా లారీ రాలేదని యజమానికి టెన్షన్. డ్రైవర్ వంతెన దగ్గర ఆగి గట్టు చూసి "అండీ, ఇది దిగేలా ఉందండీ" అంటే, "మొన్న ఇసక లారీ వచ్చింది కదయ్యా, నీకేంటి, రా రా" అని పదిమంది చేతులూపుతారు. ప్లాంట్ వాళ్లేమో ఫోన్‌లో "ఇంకా ఖాళీ కాలేదా, తర్వాతి ట్రిప్పు ఉంది" అంటారు. ఆ కుర్రాడు ఏ బీహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చినవాడైతే అతని మాట వినేవాళ్లే ఉండరు.

ఇసక లారీ వచ్చింది కాబట్టి ఇదీ వస్తుందనుకోవడం దగ్గరే అసలు తప్పు జరుగుతోంది. ఇసక పోస్తే పోసిన చోటే కదలకుండా ఉంటుంది. కాంక్రీటు ఉండదు. మామూలుగా మనం చూసే మిక్సర్ లారీ డ్రమ్ములో 6 క్యూబిక్ మీటర్లు పడుతుంది. క్యూబిక్ మీటరు కాంక్రీటు సుమారు 2,400 కిలోలు, అంటే సరుకే 14 టన్నుల పైమాట, లారీ బరువు కూడా కలిపితే మొత్తం 25 టన్నులు దాటుతుంది. ఆ బరువంతా ఎత్తులో ఉంటుంది, పైగా దార్లో కూడా డ్రమ్ము నెమ్మదిగా తిరుగుతూనే ఉండాలి, నిమిషానికి రెండు నుంచి ఆరు చుట్లు. అలా తిరిగేటప్పుడు కాంక్రీటు డ్రమ్ము గోడని పట్టుకుని ఒక పక్కకి ఎక్కుతుంది కాబట్టి బరువు ఎప్పుడూ సరిగ్గా మధ్యలో ఉండదు. అందుకే నెమ్మదిగా పోతున్నా సరే, మలుపులో స్టీరింగ్ కాస్త గట్టిగా తిప్పితే ఈ లారీ ఒరుగుతుంది, ఇసక లారీ అదే మలుపులో బాగానే పోతుంది. సగం లోడైతే భయం లేదనుకోవద్దు, అది ఇంకా ఎక్కువ ఊగుతుంది, బిందెలో సగం నీళ్లు పోసి నెత్తిన పెట్టుకున్నవాళ్లకి ఆ సంగతి తెలుసు.

ఇక మన గట్లు. కాటన్ దొర కాలంలో తవ్విన కాలవలివి, ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. అప్పట్లో వీటిమీద పడవలు నడిచేవి, గట్టు మీద మనుషులు నడుస్తూ తాడుతో పడవల్ని లాగేవాళ్లు. ఆ గట్ల మీదే మనం తర్వాత కంకర పోసి తారు వేసి రోడ్డన్నాం. తారు గట్టిగానే కనపడుతుంది, దాని కింద ఉన్నది నల్లమట్టి. సార్వాకి, అంటే వానాకాలం వరికి, నీళ్లు వదిలాక ఒకపక్క కాలవ, ఇంకోపక్క నాట్లు ఊడ్చిన చేలు, రెండువైపుల నుంచీ నీరు ఊరి గట్టు లోపల మెత్తబడుతుంది. చేపల చెరువు గట్టయితే మరీ ఘోరం, తవ్విన మట్టి పక్కన పోసి జేసీబీతో నాలుగు తట్లు తట్టి వదిలేసిందది, దానిమీద రోడ్డు రోలర్ తిరిగిందా లేదా ఎవరికీ తెలీదు.

ఎండాకాలం ఫర్వాలేదులే అంటారు చాలామంది. దాళ్వా, అంటే రెండో పంట, అయిపోయి కాలవలకి నీళ్లు కట్టేస్తారు, స్లాబులు కూడా ఎక్కువగా అప్పుడే పడతాయి. కానీ కాలవ నిండుగా ఉన్నప్పుడు ఆ నీరే గట్టుని లోపలివైపు నుంచి కొంత ఆపుతూ ఉంటుంది. నీరు తొందరగా తీసేస్తే ఆ ఆసరా పోతుంది, గట్టు లోపలి తడి మాత్రం అంత తొందరగా పోదు. అప్పుడు గట్టు కాలవవైపు జారుతుంది. కాలవలకి నీళ్లు ఆపిన కొత్తల్లో గట్టు వెంబడి నడిచి చూడండి, తారు అంచుకి జానెడు దూరంలో పొడుగ్గా, వంకరగా ఒక బీట కనిపిస్తుంది. దాంట్లో వేలు పెడితే దిగుతుంది. ఆ బీటకి అవతలవైపు చక్రం పడిందంటే ఇక ఎంత అనుభవం ఉన్న డ్రైవరైనా చేసేదేం లేదు.

గొయ్యి ఎంత లోతుంటే చక్రం కనీసం అంత దూరంలో ఉండాలన్నది పనిలో ఉన్నవాళ్లం పాటించే లెక్క. మెత్తనేలైతే ఇంకా ఎక్కువ. పునాది గోతులకీ ఇదే లెక్క, కాలవకీ ఇదే. మన గట్టు రోడ్లలో ఎన్నింటిమీద అంత చోటుంది చెప్పండి? లేనప్పుడు లారీని మెయిన్ రోడ్డు మీదే ఆపి లైన్ పంపు వేసి గొట్టాలతో లాక్కోవాలి, లేదా ఆజాక్స్ అంటామే, ఆ సొంతంగా లోడెత్తుకునే చిన్న బండి మాట్లాడుకోవాలి. ఖర్చు పెరుగుతుంది, నిజమే. కానీ క్రేన్ ఖర్చు అంతకంటే ఎక్కువండీ, మనిషి ప్రాణం సంగతి పక్కన పెట్టినా.

బూమ్ పంపు, అంటే పొడుగాటి మడత చెయ్యితో కాంక్రీటుని పైకి అందించే బండి, తెప్పించేవాళ్లకి ఇంకో మాట. మన ఊళ్లలో తీగలు ఎంత కిందకి వేలాడతాయో తెలుసు కదా, చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల కోసం చెరువుల మీదుగా లాగినవైతే మరీను. బూమ్ తీగని తాకక్కర్లేదు, 11 కేవీ లైనుకి బాగా దగ్గరగా వెళ్లినా చాలు. బూమ్ విప్పకముందే లైన్‌మన్‌తో మాట్లాడి ఎల్సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైన్‌కి కరెంటు ఆపించడం) తీసుకోవాలి, బూమ్ మడిచేదాకా కరెంటు ఇవ్వకూడదు. "ఐదు నిమిషాల పనే" అనే మాట నేను ఎన్నిసార్లు విన్నానో.

తొందర ఎందుకంటే గట్టిపడిపోతుంది కదా అంటారు. రెడీమిక్స్‌కి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 4926 ప్రకారం, గట్టిపడటాన్ని ఆలస్యం చేసే మందు కలపకపోతే లోడు చేసిన రెండు గంటల్లోపు కాంక్రీటు దింపాలి. కాబట్టి తాడేపల్లిగూడెం అవతల ప్లాంట్ నుంచి నరసాపురం ఇవతల సైట్‌కి తెచ్చేటప్పుడు దారిలో పట్టే టైమ్ ముందే లెక్కేసుకుని, మందు కలపమని ప్లాంట్‌కి ముందే చెప్పాలి. ఆలస్యమయ్యాక డ్రమ్ములో బకెట్లతో నీళ్లు కొట్టించడం మాత్రం వద్దు. స్లాబ్ బలం పోతుంది, అది మీ ఇల్లు కాబట్టి మీ ఇష్టం. కానీ ఆ నీళ్లు పోయడానికి నిచ్చెనెక్కి తిరిగే డ్రమ్ము మూతి దగ్గర వంగి చూసేది క్లీనర్ కుర్రాడు, లుంగీ కట్టుకుని, మెడలో తువ్వాలుతో. తువ్వాలు కొస చిక్కుకుంటే ఏమవుతుందో నేను వర్ణించను.

అన్నిటికంటే ప్రమాదకరమైన పని రోడ్డు మీద ఎవరికీ కనపడదు. డ్రమ్ము లోపల గట్టిపడిన కాంక్రీటుని కొట్టడానికి మనిషి లోపలికి దిగుతాడు. చీకటి, ఉక్క, చెవులు పగిలే మోత, ముక్కు నిండా దుమ్ము. తోటివాడెవడో తెలియక ఇంజిన్ ఆన్ చేసి లీవర్ లాగితే డ్రమ్ము తిరుగుతుంది. పరిష్కారం చాలా చిన్నది. ఇంజిన్ ఆపి, బ్యాటరీ వైరు తీసి, తాళంచెవి దిగేవాడి జేబులోనే ఉండాలి, ఓనర్ జేబులో కాదు. బయట ఒకడు అతనితో మాట్లాడుతూ నిలబడాలి. లోపలికి గాలి కొట్టే ఫ్యాన్ పెట్టాలి. రోజూ చివరి ట్రిప్పు కాగానే నీళ్లతో సరిగ్గా కడిగితే ఇంతదూరం రానే రాదు.

కడిగిన నీళ్లు కాలవలో వదలకండి. సిమెంటు నీళ్లలో సున్నం ఘాటు విపరీతం, కూలీల కాళ్లని సిమెంటు తినేస్తుందనేది అందుకే. కాలు మీద పడితే వెంటనే మంచినీళ్లతో బాగా కడగాలి, సాయంత్రం కొబ్బరినూనె రాసుకుంటే సరిపోదు. ఆ కాలవ నీళ్లే ఊరి మంచినీళ్ల చెరువుకీ, రొయ్యల చెరువులకీ పోతాయి. సైట్ పక్కన చిన్న గొయ్యి తవ్వి పాత బరకం పరిచి అందులో కడగమంటే పని అయిపోతుంది.

ఇంతకీ నేను అడిగేది రెండే. ప్లాంట్ వాళ్లు ఆర్డర్ తీసుకునేటప్పుడు మెయిన్ రోడ్డు దగ్గర్నుంచి సైట్ దాకా దారిని వాట్సాప్‌లో వీడియో పంపమని అడగాలి, అక్కడికొచ్చాక డ్రైవర్ రానంటే ఆ ట్రిప్పు డబ్బులు అతని దగ్గర కొయ్యకూడదు. రెండోది ఇరిగేషన్, పంచాయతీ వాళ్లకి. మన కాలవల మీద పాత వంతెనల దగ్గర, లాకుల దగ్గర ఎన్ని టన్నుల వరకు వెళ్లొచ్చో చెప్పే బోర్డులు కొన్నిచోట్ల లేవు, ఉన్నచోట తుప్పు పట్టి అంకె కనపడటం లేదు. మళ్లీ కాలవలకి నీళ్లు ఆపేలోపు వాటికి రంగు వేయించండి, లేనిచోట కొత్తవి పెట్టించండి.

– ఒక సైట్ సూపర్‌వైజర్, పాలకొల్లు
(పేరు వేయొద్దని మనవి)