నడుము గురించి ఒక్క మాట సిస్టర్స్

నిన్న నైట్ డ్యూటీలో కొత్తగా చేరిన అమ్మాయి, మంచం చివరికి జారిపోయిన పేషెంటును ఒక్కతే చంకల కింద చేతులు పెట్టి పైకి లాగబోయి, నడుము పట్టేసి అక్కడే కూలబడిపోయింది, చూస్తే నాకే కళ్లల్లో నీళ్లొచ్చాయి. 'మోకాళ్లు వంచి ఎత్తాలి' అని పరీక్షలో అందరం రాసినవాళ్లమే. కానీ మనిషి బరువు బియ్యం మూటలా ఒక్క చోట ఉండదు, కదులుతుంది, భయపడితే మన మెడ పట్టుకుంటుంది. అమెరికాలో పనిచేసే చోట ఉద్యోగుల భద్రత, ఆరోగ్యం మీద పరిశోధన చేసే నియోష్ సంస్థ అయితే పేషెంటును చేతులతో ఎత్తేటప్పుడు ఒక్కొక్కరి మీద పడే బరువు 16 కిలోలు దాటకూడదంటుంది, అదీ అన్నీ అనుకూలంగా ఉంటేనే. బాగా లావుపాటి మనిషి కాలు ఒక్కటే అంత తూగుతుంది కదా!

జారిన పేషెంటును పైకి జరపాలంటే ముందుగా మంచం చక్రాలకు లాక్ వేయండి. పేషెంటుకు ఆయాసం లేకపోతే హ్యాండిల్ తిప్పి తల వైపు దించండి. చెరో పక్కన ఒకరు నిలబడి, పేషెంటు కింద అడ్డంగా పరిచిన డ్రా షీటు అంచును ఒంటి దాకా చుట్టి పిడికిళ్లతో బిగించి, పాదాలు ఎడంగా పెట్టి, 'ఒకటి, రెండు, మూడు' అని కలిసి జరపండి, ఎత్తకండి. నడుము మెలితిప్పకండి.

తిరుపతిలో బ్రహ్మోత్సవాల రద్దీకి ఇంకొకరిని పిలిచే టైమ్ ఎక్కడ అంటారు, నిజమే, అయినా పిలవండి. పేషెంటును తేలిగ్గా జరపడానికి కింద వేసే నున్నటి స్లైడ్ షీట్లు కావాలని ఇండెంట్ రాస్తున్నాను, సోమవారం అందరూ సంతకం పెట్టండి.