పిన్ని పుస్తకంలో నా పేజీ

నిన్న ఆదివారం విజయవాడ బస్టాండ్‌లో గుంటూరు నాన్‌స్టాప్ ఎక్కి, బ్రాడీపేటలో నేను రెండేళ్లు అన్నం తిన్న మెస్‌కి వెళ్లాను. బాకీలో మిగిలిన పద్దెనిమిది వందలు కట్టేశాను. మెస్ నడిపే పిన్ని లెక్కల పుస్తకం తెరిచి, నా పేజీ మీద అడ్డంగా గీత గీసి, కింద "చెల్లు" అని రాసింది. పేజీ పైన నా పేరు లేదు. "4/14 ఎంసీఏ పిల్ల" అని ఉంది. గుంటూరు వాళ్లకి వివరం అక్కర్లేదు, నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. మా హాస్టల్ అక్కడే. పేరు కూడా సరిగ్గా తెలియని పిల్లకి నాలుగు నెలలు అరువు పెట్టిందన్నమాట.

అందుకే ఇది రాస్తున్నాను. థాంక్స్ చెప్పాల్సినవాళ్లు నలుగురున్నారు. పేర్లు రాస్తే ఊరుకోం అన్నారు కాబట్టి వరసలతోనే సరిపెడుతున్నాను. పిన్ని, పక్క మంచం అక్క, జిరాక్స్ బాబాయ్, ప్లీడరు గారు. ప్లీడరు గారికి వరస కలిపే ధైర్యం నాకు లేదు.

మాది పల్నాడులో ఒక ఊరు. నాన్న మూడెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేస్తాడు. 2023లో క్వింటా ఇరవై వేలు దాటడం చూసి, ఆ ధైర్యంతోనే నన్ను ఎంసీఏలో చేర్పించాడు. 2025 సంక్రాంతి వెళ్లేసరికి ధర సగానికి పడిపోయింది. మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించేసరికే నాన్న చాలావరకు అమ్మేసుకున్నాడు, పది వేల లోపుకి. పురుగుమందుల కొట్టతను ఆగడు, పొలం ఆసామి ఆగడు, కోత కూలీలు అసలే ఆగరు.

సరుకు దింపిన రోజు నన్ను మిర్చి యార్డుకి రమ్మన్నాడు. టిక్కీల మధ్య, అంటే మిర్చి బస్తాల మధ్య, మూతికి కండువా కట్టుకుని నిలబడి ఉన్నాడు. నాకు తుమ్ములు ఆగడం లేదు. లోపలి జేబులోంచి నాలుగు ఐదొందల నోట్లు తీసి, "ఈ నెలకి సర్దుకోమ్మా" అన్నాడు. కాలేజీలో 22,000 ఫీజు బాకీ ఉందని చెప్పడానికి వెళ్లినదాన్ని నేను. ఆయన చొక్కా భుజాల మీద ఎర్రటి పొడి చూస్తూ "సరే నాన్నా" అని వచ్చేశాను. హాస్టల్‌కి వచ్చి ఆ నోట్లు లెక్కపెట్టి, అదే చేత్తో కళ్లు నులుముకున్నాను. ఇక చూడండి నా అవస్థ.

ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదా అని చాలామంది అడుగుతారు. ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేసేవాళ్లకి 2020లో జీవో 77తో అది ఆగిపోయింది. నేను చేరింది 2023లో. ఎంసీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్‌లో ఇంకాస్త మంచి ర్యాంకు వచ్చి ఉంటే నాగార్జున యూనివర్సిటీలో సీటు వచ్చేదేమో, ఆ లోపం నాదే. బ్యాంకుకి కూడా వెళ్లాను. అక్కడి మేడమ్ ఓపిగ్గా చెప్పారు. నాలుగు లక్షల దాకా చదువు అప్పుకి తాకట్టు అక్కర్లేదట, కోర్సయ్యాక ఏడాది దాకా వాయిదాలు మొదలవవట. "అయినా ఆఖరి సెమిస్టర్‌లో వచ్చావేంటమ్మా, చేరినప్పుడే రావాల్సింది" అన్నారు. చేరినప్పుడు అప్పంటే మాకు నామోషీ. ఈ ఏడాది ఎక్కడైనా చేరేవాళ్లుంటే ఫస్టియర్‌లోనే వెళ్లి అడగండి, నాలాగా చేయొద్దు.

బ్యాంకులో పని కాలేదని ఆ వారమే ఫోన్‌లో ఒక లోన్ యాప్ పెట్టుకున్నాను. ఐదు వేలు అడిగితే ఖాతాలో పడింది 3,100. ఏడు రోజుల్లో ఐదు వేలూ కట్టాలి. ఆరో రోజు నుంచే ఫోన్లు. ఆ తర్వాత మా టెన్త్ టీచరుకి, పెళ్లయి వెళ్లిపోయిన నా ఫ్రెండ్‌కి నా ఫొటోతో మెసేజ్‌లు వెళ్లాయి. నాన్నది బటన్ ఫోన్ కాబట్టి ఆయనదాకా పోలేదు. చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అని మా నాయనమ్మ అంటుండేది. ఆ మాటకి అర్థం ఆ రెండు రాత్రుల్లో తెలిసింది.

పక్క మంచం అక్క బ్యాంకు పరీక్షలకి కోచింగ్ తీసుకుంటుండేది. నేను బాత్రూమ్‌కి కూడా ఫోన్ పట్టుకెళ్లడం చూసి పట్టేసింది. తిట్టలేదు. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించింది. తర్వాత సైబర్ క్రైమ్ పోర్టల్‌లో స్క్రీన్‌షాట్లతో ఫిర్యాదు పెట్టించింది. ఇలాంటి యాప్‌లు మన కాంటాక్టులు, ఫొటోలు ముట్టుకోకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే రూలు పెట్టిందని చెప్పింది. తనకి అది కరెంట్ అఫైర్స్‌లో వచ్చిందట. ఆఖరికి "నా ఫొటోతో ఏ మెసేజ్ వచ్చినా నమ్మకండి, డబ్బు వేయకండి" అని వాట్సాప్ స్టేటస్ పెట్టమంది. అది పెట్టడానికి నాకు గంట పట్టింది. పెట్టాక మాత్రం సగం టెన్షన్ అక్కడే దిగిపోయింది. అందరికీ నేనే చెప్పేశాక వాళ్లు బెదిరించడానికి ఇంకేముంది? అక్కా, ప్రిలిమ్స్ ముందు రెండు రోజులు నీ పుస్తకాలు మూసేసి నా ఫోన్ ముందు కూర్చున్నావు. నీ రిజల్ట్ సంగతి విన్నాను. స్వీట్లు నేనే తెస్తా.

ఇక తిండి. మాది రూములు మాత్రమే ఇచ్చే హాస్టల్. మెస్‌కి నెల డబ్బులు కట్టలేక మానేసి, అన్న క్యాంటీన్‌కి వెళ్లడం మొదలుపెట్టాను. 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు కదా, పూటకి ఐదు రూపాయలు. మొదటిరోజు చున్నీ తలమీద కప్పుకుని లైన్లో నిలబడ్డాను, మా క్లాసువాళ్లు ఎవరైనా చూస్తారేమోనని. మూడో రోజు చూస్తే నా ముందే మా క్లాసు అబ్బాయి. ఇద్దరం తినేంతసేపూ సెమినార్ గురించి మాట్లాడుకున్నాం. చిక్కల్లా ఆదివారాలే. ఆ రోజు క్యాంటీన్‌కి సెలవు. హాస్టల్‌లో అడిగితే సూర్యభగవానుడి పేరు చెప్పి ఉపవాసం అనేదాన్ని.

ఒక ఆదివారం సాయంత్రం పునుగుల బండి దగ్గర నిలబడి వాయి దించుతుంటే చూస్తున్నాను. కొనడానికి కాదు. పిన్ని కూరగాయల సంచితో అటే వచ్చింది. "ఉపవాసమున్న పిల్లకి పునుగులతో పనేంటే?" అంది. ఉపవాసం సంగతి ఆవిడకి ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు. సంచి ఒక చెవి నా చేతికిచ్చి, "పట్టు, బరువుగా ఉంది" అని మెస్‌ వెనకే ఉన్న వాళ్లింటి దాకా నడిపించింది. కంచం పెట్టింది. ములక్కాడ టమాటా కూర, గోంగూర పచ్చడి. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని, "రేపట్నుంచి మెస్‌కి రా. ఊరికే పెడతాననుకోకు, పుస్తకంలో రాసుకుంటా. ఉద్యోగం వచ్చాక వడ్డీ లేకుండా వసూలు చేస్తా" అంది.

ఆ మాట అనకపోయి ఉంటే మర్నాడు నేను వెళ్లేదాన్ని కాదు. ఊరికే పెట్టిన అన్నమైతే కంచంలోకి చూస్తూ తిని లేచిపోయేదాన్ని. అరువు కాబట్టి "పిన్నీ, ఇంకొంచెం పప్పు" అని అడిగి మరీ వేయించుకున్నాను.

అరండల్‌పేటలో జిరాక్స్ షాపు బాబాయ్ పని ఇచ్చాడు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా తెలుగు టైపింగ్, ప్రాజెక్టు రిపోర్టుల స్పైరల్ బైండింగ్. అను ఫాంట్స్ కీబోర్డు నాకు కొత్త, "క్ష" ఎక్కడుందో వెతుక్కోవడానికే వారం పట్టింది. ఒక పెళ్లిపత్రికలో పెళ్లికొడుకు ఇంటిపేరు తప్పు కొట్టి రెండొందల కార్డులు పాడుచేశాను. జీతంలో కోస్తాడనుకున్నా. కోయలేదు. ఆ కార్డుల వెనకవైపు ఇప్పటికీ బిల్లులు రాస్తున్నాడట. పరీక్ష ఫీజు కూడా ఆయన ఇచ్చిన అడ్వాన్సే.

ప్లీడరు గారు కోర్టు కాగితాలు టైపు చేయించుకోవడానికి ఆ షాపుకే వచ్చేవారు. పరీక్షలయ్యాక నాకు విజయవాడలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం వచ్చింది. ఒరిజినల్స్ చూపించమన్నారు. కాలేజీలోనేమో బాకీ మొత్తం కడితేనే ఇస్తామన్నారు, టెన్త్ మెమోతో సహా. ఉద్యోగం వస్తే గానీ బాకీ తీరదు, బాకీ తీరితే గానీ ఉద్యోగం రాదు. బాబాయ్‌తో చెప్పుకుంటుంటే ప్లీడరు గారు విన్నారు. "బాకీ వేరు, సర్టిఫికెట్లు వేరు. టైపు చెయ్యి" అని అక్కడికక్కడే లెటరు చెప్పారు. విద్యార్థుల ఒరిజినల్స్ కాలేజీలు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రస్తావన, దాని కింద బాకీ నెలనెలా ఇంత చొప్పున కడతానని నా మాట. మొత్తం పదకొండు లైన్లు. నాలుగో రోజున ఫైలు నా చేతికొచ్చింది. ఇచ్చిన మాట ప్రకారం ఆ ఫీజు కిందటి నెలతో కట్టేశాను. ప్లీడరు గారు నా దగ్గర పైసా తీసుకోలేదు సరికదా, టైపింగ్ ఛార్జీ పదిహేను రూపాయలు బాబాయ్ బల్ల మీద పెట్టి వెళ్లారు. టైపు చేసింది నేను, ఆ పదిహేనులో వాటా కూడా నాకే వచ్చింది.

నిన్నటి సంగతి ఇంకొంచెం ఉంది. పిన్ని చెల్లు రాశాక పుస్తకం నా వైపు తిప్పుకుని చూశాను. తారీకులన్నీ వరసగా ఉన్నాయి, మధ్యమధ్యలో ఆదివారం రాత్రి భోజనాలు మాత్రం లేవు. ఆదివారం రాత్రి మెస్‌కి సెలవు, నాలుగు నెలలూ ఆ పూట నేను తిన్నది పిన్ని వాళ్లింట్లోనే. "ఆదివారాలు మర్చిపోయావు, అవి కూడా చెప్పు, ఇచ్చేస్తా" అన్నాను.

"మా ఇంట్లో మేం వండుకున్నది తిన్నావు. దానికి లెక్కేంటే, పో" అంది.

రాత్రి నాన్నకి ఫోన్ చేసి అంతా చెప్పాను, మొదటిసారి, యాప్ గొడవతో సహా. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇంట్లోకని ఉంచిన తేజ రకం మిరపకాయలున్నాయి. తొడిమలు తీయించి ఐదు కేజీలు పంపిస్తా, ఆవిడకి ఇచ్చిరా. డబ్బులిస్తే తీసుకోకు" అన్నాడు.

"ఆవిడ ఊరుకోదు నాన్నా, పుస్తకం తీస్తుంది."

"తీస్తే ఆదివారాల కింద రాసుకోమను."