స్కూటీ లెక్కలో పెట్రోలు సగమే

సంపాదకులకు నమస్కారం.

2025 అక్టోబరులో హైదరాబాద్ సిటీ బస్సు ఛార్జీ మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు పెరిగింది. అంతకు ముందు మే నెలలోనే మెట్రో ఛార్జీలు పెరిగాయి. అప్పట్నుంచి "రోజూ ఇంత పోసే బదులు ఓ స్కూటీ కొనుక్కుంటే పోలా" అన్న మాట ఇంటింటా వినిపిస్తోంది. మాట సబబుగానే ఉంది కానీ దాని వెనకున్న లెక్క మాత్రం సగమే. లీటరు పెట్రోలుకు 45 కిలోమీటర్లు వస్తుంది కాబట్టి కిలోమీటరుకు రెండున్నర రూపాయల లోపే అని అక్కడితో ఆపేస్తారు. మిగతా సగం షోరూములో, టైర్ల షాపులో, బ్యాంకు వాయిదాల్లో కనిపిస్తుంది.

ఇంటి నుంచి ఆఫీసుకు 15 కిలోమీటర్లు, రానూపోనూ 30, నెలకు 25 రోజులు అనుకుందాం. నెలకు 750, ఏడాదికి 9,000 కిలోమీటర్లు. 110 సీసీ స్కూటరు నగరం ట్రాఫిక్కులో 45 ఇస్తే ఏడాదికి 200 లీటర్లు. లీటరు 107 రూపాయల 50 పైసలు వేసుకుంటే 21,500. ఆయిల్ మార్పిడి, సర్వీసింగ్, టైర్లు, బ్రేక్ షూలు, బెల్టు, బ్యాటరీ అన్నీ సగటున పంచితే ఏడాదికి 6,000 దాకా అవుతుంది. బీమా 1,200. ఇక అసలు మర్చిపోయేది బండి ధర. ఆన్ రోడ్ లక్షకు కొని ఏడేళ్లు తిప్పి 30 వేలకు అమ్మితే, ఏడాదికి 10,000 కరిగిపోయినట్టే. మొత్తం 38,700. అంటే కిలోమీటరుకు 4 రూపాయల 30 పైసలు, నెలకు 3,225.

ఇదే దూరానికి మెట్రోలో 12 నుంచి 15 కిలోమీటర్ల శ్లాబు టికెట్ 51 రూపాయలు. రెండు పూటలా 25 రోజులకు 2,550. ఆర్టీసీ మెట్రో ఎక్స్‌ప్రెస్ నెల పాసు 2025 జూన్‌లో పెరిగాక కూడా 1,600, ఆర్డినరీ పాసు 1,400. నెలకు స్కూటీ తాగే పెట్రోలే దాదాపు 1,800. పెట్రోలు ఒక్కదానితోనే ఎక్స్‌ప్రెస్ పాసును దాటేసిందన్నమాట. మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు నుంచి ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో ఉచితంగా తిరిగే ఆడవాళ్లకైతే స్కూటీ పోటీ పడాల్సింది సున్నాతో. అయినా వాళ్లు కొంటున్నారు, కొనడమూ సరైనదే. గంటన్నర ప్రయాణం ముప్పావు గంటకు దిగుతుంది, ఎనిమిదింటికి స్టాపులో నిలబడక్కర్లేదు. అది సమయానికి పెట్టే డబ్బు. పొదుపు ఖాతాలో రాసుకుంటేనే లెక్క తప్పుతుంది.

అయితే ఈ లెక్క తిరగబడే సందర్భాలు మూడున్నాయి. స్టేషన్ ఇంటికి దూరంగా ఉండి, అక్కడికి షేర్ ఆటోకు రోజుకు రానూపోనూ 20, దిగాక ఆఫీసుకు రానూపోనూ మరో 30 పెట్టాల్సి వస్తే మెట్రో ఖర్చుకు నెలకు 1,250 కలుస్తుంది. 3,800 అవుతుంది, స్కూటీ నెగ్గుతుంది. రెండోది, వెనక సీటు. భార్యాభర్తలో అన్నదమ్ములో ఒకే దారిలో వెళ్తే మైలేజీ 42కు పడినా తలకు 1,680 లోపే, దాదాపు బస్సు పాసు ధర. మూడోది, బండి ఇప్పటికే ఇంట్లో ఉండటం. అప్పుడు ధర, బీమా ఎలాగూ అయిపోయిన ఖర్చులు. పెట్రోలు, మరమ్మతులు మాత్రమే చూస్తే కిలోమీటరుకు 3 రూపాయల 6 పైసలు, నెలకు 2,300 లోపు. మెట్రో కంటే తక్కువే. కొత్తగా కొనేవాడి లెక్కా, ఉన్న బండి తీసేవాడి లెక్కా ఒకటి కావు. మన ఇళ్లలో వాదన తెగకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

దగ్గర దూరాలకు కొనడం ఇంకా నష్టం. ఆఫీసు ఐదు కిలోమీటర్లే అయితే ఏడాదికి తిరిగేది 3,000. బండి ధర, బీమా కలిపి 11,200 మాత్రం తగ్గదు. కిలోమీటరు 6 రూపాయల 80 పైసలకు చేరుతుంది, నెలకు 1,700. అదే దూరానికి మెట్రో టికెట్ 28, నెలకు 1,400. పైగా రోజూ పది నిమిషాల ప్రయాణాలతో బ్యాటరీ సరిగా ఛార్జి కాదు. పొద్దున్నే సెల్ఫ్ నొక్కితే టిక్కు టిక్కుమని ఊరుకుంటుంది.

వాయిదాల్లో కొనేవాళ్లకు ఒక మాట. "తొమ్మిది శాతమే వడ్డీ" అంటే అది ఫ్లాటా, తగ్గే అసలు మీదా అని అడగాలి. 80 వేలకు మూడేళ్లు 9 శాతం ఫ్లాట్ అంటే వడ్డీ 21,600, నెల వాయిదా 2,822. తీర్చేసిన అసలు మీద కూడా చివరి నెల దాకా వడ్డీ కడుతున్నందువల్ల అసలు రేటు 16 శాతం దాటుతుంది. దాన్ని ఏడేళ్లకు పంచితే కిలోమీటరుకు మరో 34 పైసలు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగి బండి ధర తగ్గిన మాట నిజమే. ఆ తగ్గింది తిరిగి ఫ్లాట్ వడ్డీకి పోకుండా చూసుకోవాలి.

మైలేజీ 45 అని రాశాను గానీ, కొన్ని బండ్లు 38 దగ్గరే ఆగుతాయి. ముందు మీ బండి ఎంత ఇస్తోందో కొలవండి. మీటర్లో చూపించే సగటును నమ్మొద్దు. బంకులో గన్ మొదటిసారి టక్కుమని ఆగేదాకా పట్టించి మీటరు అంకె రాసుకోండి. 200 కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో, మళ్లీ అదే టక్కు దాకా పట్టించి, తిరిగిన దూరాన్ని రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. ఇలా మూడుసార్లు చేసి సగటు తీయండి. టక్కుమన్నాక కూడా గొంతు దాకా పోయించుకోవద్దు. బీఎస్ 6 బండ్లలో పెట్రోలు ఆవిరిని పట్టే బొగ్గు డబ్బా ఒకటుంటుంది, ఎక్కువైన పెట్రోలు దానిలోకి చేరి పాడుచేస్తుంది.

అంకె 40 లోపు వస్తే మొదట చూడాల్సింది ఇంజిను కాదు, బ్రేకు. సర్వీసింగులో డ్రమ్ బ్రేకు మరీ బిగించి పంపడం మామూలే. సెంటర్ స్టాండ్ వేసి, ఇంజిను ఆపి వెనక చక్రం చేత్తో తిప్పండి. తేలిగ్గా తిరగాలి. గరగరమంటూ వెంటనే ఆగిపోతే షూలు రాసుకుంటున్నాయి. పది కిలోమీటర్లు తిరిగొచ్చాక డ్రమ్ దగ్గర చెయ్యి పెడితే వేడి తగులుతుంది. వెనక బ్రేకు నట్టు రెండు మూడు చుట్లు వదులు చేస్తే చాలు. ఆ తర్వాత గాలి. ఒక్కరు నడిపితే ముందు 22 పీఎస్ఐ, వెనక 29. వెనక మనిషి కూర్చుంటే వెనక 36. చాలా 110 సీసీ స్కూటర్లకు ఇవే అంకెలు, మీ బండివి మాన్యువల్లో సరిచూసుకోండి. వెనక పది అంగుళాల చిన్న చక్రం ఎక్కువ తిరుగుతుంది, బరువూ ఎక్కువ దానిమీదే. అందుకే ముందు టైరు 30 వేలు వచ్చినా వెనకది 18 నుంచి 20 వేలకే నున్నబడుతుంది.

అసలు దొంగ మాత్రం ఎడమ పక్క కవరు కింద ఉంటాడు. గేర్లు లేని బండిలో గేర్ల పని చేసేది ఒక బెల్టు, దాని ముందు కప్పీలో ఉండే ఆరు చిన్న రోలర్లు. ఇంజిను వేగం పెరిగేకొద్దీ రోలర్లు బయటికి జరిగి కప్పీని దగ్గరికి నొక్కుతాయి, బెల్టు పైకెక్కుతుంది, బండి పెద్ద గేరులో పడ్డట్టు అవుతుంది. అరిగిన రోలరును చేతిలోకి తీసుకుని చూడండి, గుండ్రంగా ఉండాల్సినది ఒక పక్క సబ్బు బిళ్లలా చదునుగా ఉంటుంది. అది దొర్లదు, సగంలో ఇరుక్కుంటుంది. అప్పుడు 50 వేగంలోనే ఇంజిను గోల పెడుతుంది, పెట్రోలు మాత్రం 70 వేగానికి తగ్గట్టు తాగుతుంది. బెల్టు అరిగినా ఇంతే, సన్నబడి కప్పీలో కిందే కూర్చుంటుంది. 24 వేల కిలోమీటర్లకు బెల్టు, రోలర్లు ఒకేసారి మార్పించాలి. కూలితో కలిపి 1,500 నుంచి 2,000. తెగేదాకా ఉంచితే యాక్సిలరేటర్ తిప్పినా ఇంజిను అరుస్తుంది తప్ప బండి కదలదు. తెగిన ముక్కలు క్లచ్చులో చుట్టుకుంటే ఖర్చు రెట్టింపు. బయల్దేరేటప్పుడు బండి వణుకుతుంటే తప్పు బెల్టుది కాదు. క్లచ్ షూలు తాకే గిన్నె నున్నగా మెరుగెక్కింది. ఉప్పుకాగితంతో రుద్దితే చాలావరకు సరిపోతుంది.

ఇంజిను ఆయిల్ ముప్పావు లీటరుకు అటూ ఇటూ పడుతుంది, 3,000 కిలోమీటర్లకోసారి మారిస్తే చాలు. వెనక చక్రం దగ్గర గేర్ ఆయిల్ వేరే ఉంటుంది, 100 నుంచి 120 మిల్లీలీటర్లు. అడిగితే తప్ప ఎవరూ మార్చరు. జిగురు పూసిన కాగితం ఎయిర్ ఫిల్టరుకు గాలి కొట్టి మళ్లీ పెట్టడం కూడా ఆపించాలి. జిగురు పోతే ధూళి నేరుగా ఇంజినులోకి వెళ్తుంది. ఇక 20 శాతం ఇథనాల్ పెట్రోలు సంగతి. ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో మూడింట రెండొంతులే. పది శాతం నుంచి ఇరవైకి మారినందుకు లీటరుకు ఒకటిన్నర కిలోమీటర్లు తగ్గడం సహజం. పది తగ్గితే నేరం ఇథనాల్‌ది కాదు, పైన చెప్పినవాటిలో ఏదో ఒకటి. వానాకాలంలో మాత్రం ట్యాంకు ఖాళీగా ఉంచొద్దు. ఇథనాల్ తేమను పీల్చి అడుగున నీరు చేరుస్తుంది.

వంద సీసీ మోటారు సైకిల్ 60 ఇస్తుంది. ఏడాదికి 50 లీటర్లు, అంటే 5,375 రూపాయలు మిగులు. గొలుసుకు 500 కిలోమీటర్లకోసారి నూనె పట్టించే ఓపిక ఉంటే డబ్బు లెక్కలో అదే మెరుగు. కాళ్ల మధ్య కూరగాయల సంచి పెట్టుకునే చోటు, చీరతో నడిపే వీలు దానికి లేవు, అందుకే స్కూటీ అమ్ముడవుతోంది. కారు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. లీటరుకు 15 వేసుకున్నా పెట్రోలే ఏడాదికి 64,500.

ఎలక్ట్రిక్ స్కూటరుకు గోడ దగ్గర కొలిస్తే 100 కిలోమీటర్లకు మూడున్నర యూనిట్లు. నెలకు 750 కిలోమీటర్లకు 26. ఎంత తక్కువో అనిపిస్తుంది, కానీ ఇంటి మీటరు ఎక్కడుందో చూడాలి. తెలంగాణలో నెలకు 185 యూనిట్లు కాలే ఇంటికి కరెంటు ఛార్జీ 748 రూపాయలు. అది 211కు చేరితే 200 దాటిన ఇళ్ల శ్లాబులో పడి 1,105 అవుతుంది, స్థిర ఛార్జీలు అదనం. ఆ 26 యూనిట్లూ ఒక్కోటి దాదాపు 14 రూపాయలు పడ్డట్టు. 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చే ఇంటికైతే ఆ నెల మొత్తం 1,105 కట్టాల్సిందే. అప్పటికీ పెట్రోలు కంటే తక్కువే. 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయింపూ ఉంది. బ్యాటరీ మార్చాల్సి వస్తే మాత్రం అరలక్ష పైమాట, కాబట్టి రోజుకు 30 కిలోమీటర్లు, ఆపైన తిరిగేవాళ్లకే ఇది కలిసొస్తుంది. ఆఫీసులో ఛార్జింగ్ ఉంటే మరీ మంచిది.

ఇన్ని లెక్కల తర్వాత కూడా బండి కావాలనుకుంటే, నాలుగైదేళ్ల పాతది 45 వేలకు దొరికేది చూడండి. కొత్తబండి తొలి ఏళ్లలో పోగొట్టుకునే విలువ అప్పటికే ఎవరో భరించి ఉంటారు. అమ్మకం రోజుకు ముందు ఈ-చలాన్లు బాకీ ఉన్నాయేమో నంబరు కొట్టి చూడాలి. థర్డ్ పార్టీ బీమా కొత్తబండికి ఐదేళ్లది ముందే కట్టించుకుంటారు, అది అయిపోతే 714కు జీఎస్టీ కలిపి 843 పడుతుంది. రీడింగు 24 వేలు దాటి, బెల్టు మార్చిన బిల్లు చూపించకపోతే ధరలో రెండు వేలు తగ్గించి అడగండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఉప్పల్, హైదరాబాద్