సంగీతకారుల సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది ఎవరిని ఎవరితో కలిపాం?

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

కార్యవర్గం తరఫున ఈ ఏడాది పనుల నివేదిక మీ ముందు పెడుతున్నాను. ఎప్పుడూ కచేరీల జాబితా ముందు వచ్చేది, సభ్యుల బాగోగులు చివరి పేజీలో ఉండేవి. ఈసారి ఆ వరస మార్చాను. కారణం, పోయిన సర్వసభ్య సమావేశంలో ఒక యువ గాయని లేచి అడిగిన ప్రశ్న. "నాకు పాడటం వచ్చు. రోజూ సాధన చేస్తాను. పోటీల్లో బహుమతులు కూడా వచ్చాయి. కానీ పని ఇచ్చేవాళ్లు ఎక్కడుంటారో, వాళ్లను ఎలా కలవాలో తెలియదు. అది ఏ గురువు దగ్గర నేర్చుకోవాలి?" అన్నారు. వేదిక మీదున్న మేం "సాధన మానకమ్మా, అవకాశాలు అవే వస్తాయి" అని చెప్పి పంపాం. ఆ జవాబు తప్పని అప్పుడే అనిపించింది. అవకాశాలు వాటంతట అవి రావు, ఎవరో ఒకరు తీసుకొస్తారు.

మనలో సీనియర్లు తమ మొదటి కచేరీ ఎలా దొరికిందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. రావలసిన వాద్యకారుడికి ఒంట్లో బాగోలేదు, అక్కడున్న ఎవరో "మా ఎరుకలో ఒక కుర్రాడున్నాడు" అన్నారు. చాలామంది కథ ఇక్కడే మొదలవుతుంది. విద్య లేకపోతే ఆ పేరు రెండోసారి ఎవరూ ఎత్తరు, నిజమే. కానీ మొదటిసారి ఎత్తేవాళ్లే లేకపోతే ఆ విద్య సాధన గది దాటి బయటికి రాదు.

ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారిదీ ఇదే దారి. మద్రాసులో ఇంజినీరింగ్ చదువుకుంటున్న రోజుల్లో ఒక పాటల పోటీలో ఆయన గొంతు సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి గారి చెవిన పడింది. 1966 డిసెంబరు 15న తొలి సినిమా పాట రికార్డయింది. తర్వాత ఆయన పెట్టుకున్న రికార్డింగ్ థియేటర్‌కు గురువు పేరే పెట్టారు. ఆ తొలి రోజుల్లోనే ఆయన నడిపిన లలిత సంగీత బృందంలో ఇళయరాజా గారు, వారి సోదరులు వాద్యాలు వాయించేవారు. అప్పటికి ఇళయరాజా గారు ఇంకా సంగీత దర్శకులు కాలేదు. 1976లో అయ్యాక ఆ పాత స్నేహం ఎన్ని వందల పాటలైందో మీకు నేను చెప్పక్కర్లేదు. నన్ను కదిలించేది ఇక్కడ ఒక్కటే. అప్పుడు వాళ్లు ఒకరికొకరు పెద్దవాళ్లు కారు, పక్కపక్కన కూర్చుని వాయించుకున్నవాళ్లు. పరిచయాలంటే పైనున్నవాళ్లను పట్టుకోవడమే అనుకునే యువ సభ్యులు ఇది గమనించాలని నా కోరిక. ఈ రోజు మీ పక్కన కూర్చుని తంబురా శ్రుతి చేస్తున్న మనిషే పదేళ్ల తర్వాత మీకు ఫోన్ చేసే మనిషి.

మరో ఉదాహరణ దూరదేశంది. 1957 జులై 6న ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో ఒక చర్చి ఉత్సవంలో జాన్ లెనన్ కుర్రాళ్ల బృందం వాయించింది. ఐవన్ వాన్ అనే స్నేహితుడు పాల్ మెకార్ట్‌నీని అక్కడికి తీసుకొచ్చి పరిచయం చేశాడు. పాల్ గిటార్ అందుకుని ఒక పాట వాయించి చూపించాడు. కొన్నాళ్లకు పాల్ తన బడి స్నేహితుడు జార్జ్ హారిసన్‌ను తీసుకొచ్చాడు. ఆ బృందమే తర్వాత బీటిల్స్‌గా ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. బీటిల్స్ పాటల్లో ఐవన్ వాన్ వాయించిన స్వరం ఒక్కటీ వినపడదు. అయినా ఆయన ఆ రోజు స్నేహితుణ్ని వెంటబెట్టుకుని వెళ్లకపోయి ఉంటే? మన సంఘం చేయాల్సిన పని ఐవన్ వాన్ పనే అని కార్యవర్గం తొలి సమావేశంలోనే అనుకున్నాం.

ఇక ఏం చేశామో చెబుతాను.

నెలకొకసారి సభ్యుల కలయిక పెట్టాలని నిర్ణయించాం. మొదట్లో జరిగినవి ఫలించలేదు. వేదిక, స్వాగతోపన్యాసం, అతిథి ప్రసంగం, ఆఖర్న ఫోన్ నంబర్లు రాసుకోవడం. హాలు నిండింది, ఫొటోలు బాగా వచ్చాయి. తర్వాత ఆరా తీస్తే, రాసుకున్న నంబరుకు ఫోన్ చేసినవాళ్లు దాదాపు లేరు. గాయకులు గాయకులతోనే కూర్చున్నారు, తబలావాళ్లు తబలావాళ్లతోనే. ముందే ఎరిగినవాళ్లే మళ్లీ కలుసుకున్నారన్నమాట.

ఇదెందుకు పనికిరాదో మార్క్ గ్రనోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లోనే చూపించారు. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను ఆయన అడిగారు, ఆ పరిచయస్తుణ్ని మీరు ఎంత తరచుగా కలిసేవారని. తరచూ కలిసేవాళ్లమన్నది 16.7 శాతం మందే. అప్పుడప్పుడు అన్నవాళ్లు 55.6 శాతం, చాలా అరుదుగా అన్నవాళ్లు 27.8 శాతం. అది చిన్న అధ్యయనం, సంగీతకారుల మీద చేసిందీ కాదు. అయినా అందులోని కారణం మనకు బాగా వర్తిస్తుంది. రోజూ కలిసే స్నేహితులకు తెలిసిన కబురు మనకూ ముందే తెలిసి ఉంటుంది. కొత్త కబురు మనం తిరగని చోట తిరిగే మనిషి దగ్గరే ఉంటుంది.

అందుకే కలయిక తీరు పూర్తిగా మార్చాం. ప్రసంగాలు తీసేశాం. ఒక గాయకుడు లేక గాయని, ఒక వాద్యకారుడు, ఒక పాటలు రాసేవారు, ఒక సౌండ్ పని తెలిసినవారు, ఇలా చిన్న చిన్న జట్లు చేశాం. ముందు పరిచయం లేనివాళ్లనే ఒక జట్టులో వేశాం. గంటన్నరలో ఒక్క పల్లవి తయారుచేసి రికార్డు చేయాలి, అంతే.

ఒక జట్టులో జరిగింది దగ్గరుండి చూశాను. ఏళ్ల తరబడి శాస్త్రీయ కచేరీల్లో పక్క వాద్యం వాయిస్తున్న వయొలిన్ విద్వాంసురాలు ఒకరు, సౌండ్ ఇంజినీరింగ్ నేర్చుకుంటున్న కుర్రాడు ఒకడు. ఆవిడ వాయిస్తుంటే అతను హెడ్‌ఫోన్ ఒక చెవి మీద నుంచి పక్కకు జరిపి, "అమ్మా, విల్లు వెనక్కి లాగేటప్పుడు గీరినట్టు పడుతోంది, మైకు కాస్త పైకి జరపనా?" అన్నాడు. జరిపాడు. ఆవిడ అవే నాలుగు ఆవర్తాలు మళ్లీ వాయించారు. ఈసారి హెడ్‌ఫోన్ ఆవిడ చెవులకే పెట్టాడు. తన నాదం తనకే కొత్తగా వినపడి కాసేపు మాట్లాడలేదు. కొన్ని నెలలకు అతను ఒక స్టూడియోలో సహాయకుడిగా చేరాడు. అక్కడ ఒక డాక్యుమెంటరీకి వయొలిన్ కావాలంటే ఆవిడ పేరు చెప్పాడు. వాళ్లిచ్చిన కాగితం పాశ్చాత్య నొటేషన్‌లో ఉంది, ఆవిడకు అది రాదు. దాచుకోలేదు. "స్క్రాచ్ ట్రాక్ (పాట తీరు తెలిపే ముసాయిదా రికార్డింగ్) ముందు రోజు పంపండి, స్వరాలు నేనే రాసుకుంటాను" అన్నారు. పెన్సిల్‌తో స్వరాలు రాసుకున్న ఆ కాగితం మన గోడ పత్రికకు ఇచ్చారు, అందరూ చూడండి. అదే స్టూడియో ఆవిణ్ని తర్వాత మళ్లీ పిలిచింది.

ఎలా పరిచయం చేసుకోవాలన్న దాని మీద ఒక తరగతి పెట్టాం. ఒక సంగీత దర్శకుడు తనకొచ్చే సందేశాల తీరు చెప్పారు. ఎక్కువ భాగం "సార్, ఒక్క అవకాశం ఇప్పించండి" అనేవే. పది పాటలు జతచేస్తారట, ఏది ముందు వినాలో చెప్పరట. మన సభ్యుడొకరు రాసిన సందేశం అక్కడే చదివి వినిపించాం. "మీ కొత్త పాటలో రెండో చరణం ముందు వేణువు కింది స్థాయిలో వచ్చి ఆగిపోవడం నాకు చాలా నచ్చింది. నేను వేణువు వాయిస్తాను. ఒకటిన్నర నిమిషాల నా రికార్డింగ్ పంపుతున్నాను. మీకు కుదిరినప్పుడు వినండి." ఇంతే. దానికి వెంటనే జవాబు వచ్చింది. పొగడ్త వల్ల కాదు. పాట నిజంగా విన్నాడు, తనేం చేయగలడో చెప్పాడు, ఎదుటి మనిషి సమయాన్ని గౌరవించాడు. జవాబు రాకపోతే వెంటపడొద్దనీ, కొత్త పని చేతిలో ఉన్నప్పుడే మళ్లీ రాయాలనీ కూడా అనుకున్నాం.

బదులు కళాకారుల పుస్తకం ఈ ఏడాది మొదలైంది. ఎవరికైనా అకస్మాత్తుగా కుదరకపోతే వాళ్ల స్థానంలో వెళ్లగలిగిన వారి పేర్లు, వాద్యం, వచ్చిన బాణీలు, నొటేషన్ చదవగలరా లేదా అన్న వివరాలు ఇందులో ఉంటాయి. ఇక్కడ ఒక బాధాకరమైన సంగతి సభ్యులకు తెలియాలి. సంఘం మాట మీద ఒప్పుకున్న ఒక కార్యక్రమానికి ఒక సభ్యుడు కబురు కూడా పెట్టకుండా వెళ్లలేదు. నిర్వాహకులు ఆ తర్వాత మనకు ఫోన్ చేయడం మానేశారు. పోయింది ఒక్కరి పేరు కాదు, సిఫారసు చేసినవారి మాట విలువ, ఆ తర్వాత వెళ్లవలసిన మరికొందరి పని. ఇకపై రాలేనివారు తామే మరొకరిని కుదిర్చి, పాటల జాబితా, శ్రుతి వివరాలు వారికి అప్పగించాలి. రెండుసార్లు మాట తప్పితే పేరు తొలగిస్తాం.

మహిళా సభ్యులు లేవనెత్తిన అంశానికి కార్యవర్గం ముందే స్పందించి ఉండాల్సింది. పరిచయం పేరుతో వేళకాని వేళ ఫోన్లు, ఎవరూ లేని చోట రికార్డింగ్ పిలుపులు వస్తున్నాయని చెప్పారు. ఇప్పుడు సంఘం ద్వారా పరిచయం చేసిన ప్రతి తొలి రికార్డింగ్‌కూ, అడిగితే, ఒక సీనియర్ సభ్యురాలు తోడు వెళతారు. స్థలం, సమయం, పారితోషికం ముందే రాతలో తీసుకుంటున్నాం.

హక్కుల మీద జరిగిన సాయంత్రానికి అనుకున్నదానికన్నా ఎక్కువ మంది వచ్చారు. కలిసి పాట చేసిన స్నేహితులు విడిపోయేది తరచూ ఇక్కడే. అందుకే పాట పూర్తయిన రోజే సాహిత్యం ఎవరిది, బాణీ ఎవరిది, ఎవరి వాటా ఎంత అని ఒక కాగితం మీద రాసి అందరూ సంతకాలు పెట్టాలి. దాన్ని స్ప్లిట్ షీట్ అంటారు. రికార్డింగ్‌ను గుర్తించే పన్నెండు అక్షరాలూ అంకెల ఐఎస్‌ఆర్‌సి కోడ్ వేరు, పాట రచనను గుర్తించే ఐఎస్‌డబ్ల్యూసి కోడ్ వేరు అన్న తేడా కూడా అక్కడే వివరించాం. పాట వాడినందుకు దాన్ని చేసినవారికి డబ్బు వసూలు చేసిపెట్టే రాయల్టీ సంఘాలు అసలు ఎలా పుట్టాయో ఒక సభ్యురాలు చెప్పారు. 1847లో పారిస్‌లోని ఒక కెఫేలో పాటల రచయిత ఎర్నెస్ట్ బూర్జే, మరో ఇద్దరు స్వరకర్తలు కూర్చున్నారు. తమ పాటలు అక్కడ ఉచితంగా వాయిస్తున్నారని చూసి, మా పాటలకు మీరు ఇవ్వనప్పుడు మీ బిల్లు మేమెందుకు కట్టాలన్నారు. కోర్టుకెళ్లి గెలిచారు. 1851లో సాసెం అనే సంఘం ఏర్పడింది, నేటికీ నడుస్తోంది. ఒకే బల్ల దగ్గర కూర్చున్న పరిచయస్తులు తెచ్చుకున్న హక్కు అది.

కచేరీలు ఎప్పటిలాగే జరిగాయి, వివరాలు అనుబంధంలో ఉన్నాయి. తనిఖీ అయిన లెక్కలను కోశాధికారి సమావేశంలో చదువుతారు.

వచ్చే ఏడాదికి మూడు ప్రతిపాదనలపై మీ ఆమోదం కోరుతున్నాం. జట్టు రికార్డింగులకు సొంతంగా ఒక మైకు, దాన్ని కంప్యూటర్‌కు కలిపే ఇంటర్‌ఫేస్ కొనడం. సంగీతంతో పని ఉన్న నాటక, నృత్య, లఘుచిత్ర బృందాలను మన కలయికలకు పిలవడం. పాతికేళ్లలోపు సభ్యులకు చందా తగ్గించడం. రెండోదాని మీద నాకు ఎక్కువ ఆశ ఉంది. మన ఎరుకలో లేని పని అక్కడుంది.

నిరుడు ప్రశ్న అడిగిన గాయని ఇప్పుడు ఒక కోరస్ బృందంలో పాడుతున్నారు. పోయిన నెల గొంతు పట్టేసి ఒక రికార్డింగ్‌కు వెళ్లలేకపోతే, మన జట్టులో పరిచయమైన మరో అమ్మాయిని పంపి, పాడాల్సిన భాగాన్ని రాత్రి ఫోన్‌లో ఆమెకు దగ్గరుండి నేర్పించారు. బదులు కళాకారుల పుస్తకం బాధ్యత వచ్చే ఏడాది ఆమెకే అప్పగించాలని కార్యవర్గం నిర్ణయించింది. సమావేశానికి వచ్చేటప్పుడు మీ పేజీ ఒకసారి చూసి, మారిన ఫోన్ నంబరు, కొత్తగా నేర్చుకున్న వాద్యం ఉంటే ఆమెకు చెప్పి రాయించండి.

కార్యదర్శి,
కార్యవర్గం తరఫున