వార్షిక నివేదిక: తల్లీబిడ్డల ఆరోగ్య కార్యక్రమాలు

సభ్యులందరికీ నమస్కారం. ముందుగా ధన్యవాదాలు: మన ఆశా కార్యకర్తకు, అంగన్‌వాడీ టీచరుకు, ఏఎన్ఎం గారికి, అడగకుండానే టముకు వేసిన తాతకు, టీ కాచిన పిల్లలకు. పేర్లు రాస్తే ఎవరో ఒకరు మిగిలిపోయి ఏడాదంతా నాతో మాట్లాడరు. అందుకే రాయలేదు.

ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులను పరీక్షలకు పీహెచ్‌సీకి తీసుకెళ్లాం. వానల్లో ఒక నెల తప్పింది. కబురు వాట్సాప్‌లో పెడితే చాలనుకున్నాం కానీ పై గూడెంలో సిగ్నల్ చింతచెట్టు కిందే వస్తుంది, ఫోనేమో మగవాళ్ల జేబులో ఉంటుంది. మళ్లీ టముకే గతయింది.

ఆగస్టు 1 నుంచి 7 దాకా తల్లిపాల వారోత్సవాలు. ఏటా కోడళ్లకు చెప్పేవాళ్లం, ఇంటికెళ్లాక అత్త మాటే చెల్లేది. ఈసారి అత్తలనే పిలిచాం. పంచాయతీ అరుగు నిండిపోయింది. పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలి, ఆరు నెలలు తేనె, మంచినీళ్లు కూడా వద్దు అని ఏఎన్ఎం గారు చెబుతుంటే ఒక పెద్దావిడ లేచింది. "మా అత్త పారబోయమంది, నాను పారబోసినాను. నలుగురూ బతికినారు కదేటి?" అంది. పక్కనే ఉన్న చెల్లెలు మెల్లగా, "కన్నది ఆరుగురిని కదప్పా" అంది. అరుగు మీద చప్పుడు లేదు. ఆ ఇద్దరూ దేనివల్ల పోయారో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. కాసేపటికి ఆవిడే గుడ్డబొమ్మ అందుకుని, "ఎలాగ పట్టుకోవాలో సూపించు" అంది. తర్వాత మనవరాలి పురుడుకు ఆసుపత్రికి వెళ్తూ తేనె సీసా ఇంట్లోనే వదిలేసిందట.

నెలలు నిండినవాళ్లను సాలూరు గర్భిణుల వసతి గృహానికి ముందే పంపడానికి కూడా చాలా మాటలు కావలసి వచ్చాయి. ఒకామె బెంగంతా కోళ్ల గురించే. పక్కింటివాళ్లు చూసుకుంటామన్నాకే కదిలింది. పై గూడెం నుంచి ఇప్పటికీ డోలీలోనే వాగు దాకా మోస్తున్నారు. రోడ్డు కోసం మూడు అర్జీలు పెట్టాం, మూడు రసీదులు దాచాం. సభకు వస్తానన్న ఒక అధికారి కోసం చూలింతలు పదింటి నుంచి కూర్చున్నారు. ఆయన ఒంటిగంటన్నరకు వచ్చి, ఫొటో దిగి వెళ్లారు.

మనలో మనం కూడా చెప్పుకోవాలి. పురుడు వచ్చిన ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా వెళ్లి బిడ్డను తూచి చూస్తుంది. తోడు వెళ్తామని పోయిన ఏడు చాలామందే చేతులెత్తారు. తిరిగిన కాళ్లు మాత్రం నాలుగైదు జతలే. జీడితోటల పని అందరికీ ఉంది, ఆ తిరిగినవాళ్లకూ ఉంది.

జమాఖర్చుల పుస్తకం కోశాధికారి దగ్గరుంది, చూసుకోవచ్చు. టెంటు బాకీ ఒక్కటే మిగిలింది.

గుడ్డబొమ్మను కింద గూడెంవాళ్లు పట్టుకెళ్లి ఇంకా ఇవ్వలేదు. వచ్చే సమావేశానికి కావాలి, తెచ్చివ్వగలరు.

ఇట్లు
కార్యదర్శి