మార్కాపురం నుంచి, బాగా ఆలస్యంగా

ఒరేయ్ బుజ్జిగా,

సంక్రాంతికే రాయాల్సింది, తిట్టుకోకు. అమ్మకి షుగర్ అదుపులోనే ఉంది. పాప నడుస్తోంది. ఇంటి రిపేరు సగంలో ఆగింది. ఇక అసలు సంగతి, నీకు చెప్పందే మనసు నిలవదు.

మా బడి కబడ్డీ జట్టు ఒంగోలు నుంచి వస్తుంటే పొదిలి దగ్గర బస్సు చెడిపోయింది. పిల్లలు ఇల్లు చేరేసరికి తెల్లవారుజామున నాలుగు. ఆ పొద్దున్నే పదో తరగతి లెక్కల ప్రీఫైనల్! జట్టులో ఇద్దరు పక్కపక్క సీట్లలో వచ్చినవాళ్ళే. ఒకడికి వందకి 31, ఇంకొకడికి 33. త్రికోణమితి ఇద్దరూ ముట్టుకోలేదు. స్టాఫ్‌రూంలో మొదటివాడి పేపర్ చూసి మా సీనియర్ సార్ "పాపం, నిద్ర లేదు కదా" అన్నారు. రెండోవాడు సాయిబుల పిల్లాడు. వాడి పేపర్ చూసి "వీళ్ళకి చదువు మీద ధ్యాసెక్కడిది? పది కాగానే మెకానిక్ షెడ్డేగా" అన్నారు. రెండు మార్కులు ఎక్కువొచ్చినవాడి గురించిరా! అర్ధ సంవత్సర పరీక్షలో వాడే ఫస్టొస్తే "పేపర్ సులువులే" అన్నదీ ఆయనే. అలాగని చెడ్డమనిషి కాదు, కిందటేడు వాడి ఫీజు కట్టిందీ ఆయనే. నాకు బాధంతా అక్కడే. 

1974లో టేలర్, జగ్గీ అనే పరిశోధకులు మన దక్షిణాదిలోనే హిందూ గుమాస్తాలను, ఎవరైనా మంచో చెడో చేస్తే దానికి కారణమేంటని అడిగి చూశారు. మనవాడు మంచి చేస్తే వాడి గుణం, తప్పు చేస్తే పరిస్థితులు. ముస్లిం దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడింది. యాభై ఏళ్ళ తర్వాత మా స్టాఫ్‌రూంలో అక్షరం మారలేదు.

ఇంకోటి విను. హానా, లిండెన్ 2012లో అచ్చువేసిన పరిశోధనలో జవాబు పత్రాల మీద కులం వివరాలు ఇష్టమొచ్చినట్టు మార్చి టీచర్ల చేత దిద్దించారు. కింది కులమని రాసున్న పేపర్లకు కాస్త తక్కువ మార్కులు పడ్డాయి. అలా తక్కువ వేసింది కూడా ఎక్కువగా కింది కులాల టీచర్లేనట. అది చదివాక నాకు మాట రాలేదు. ఎంత లోపలికి దిగిపోతుందిరా ఇది...

సరే, రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టి సార్‌కి చూపించాను. ముందు చిరాకుపడ్డారు. తర్వాత ఆ పిల్లాణ్ణి పిలిచి త్రికోణమితి సాయంత్రాలు తానే చెప్తానన్నారు. పబ్లిక్ పరీక్షల్లోలాగా మన దగ్గరా పేర్లు మూసి నంబర్లేసి దిద్దుదామని హెచ్చెమ్‌ని అడిగాను, "చూద్దాం" అన్నారు. వదలను. ఆ పిల్లాడి నాన్న నిన్న బడికొచ్చి ఏమన్నాడో తెలుసా... అయ్యో, బెల్ కొట్టేశారు, నైన్త్ బీ కి పోవాలి. మిగతాది రేపు

నీ
పెద్దోడు