చిన్న జెట్‌లు: ధర ముందు, ఇంజిన్ తర్వాత

సంపాదకునికి,

సొంత జెట్‌లు త్వరలో కార్లంత మామూలైపోతాయన్న ధోరణిలో వస్తున్న రాతలు చూస్తుంటే, అమెరికాలోని ఆల్బుకర్కీ కేంద్రంగా పనిచేసిన ఎక్లిప్స్ సంస్థ అనుభవాన్ని ప్రస్తావించక తప్పడం లేదు. పది లక్షల డాలర్లలోపే చిన్న జెట్ ఇస్తామని ముందే ధర ప్రకటించి ఆర్డర్లు తీసుకున్న ఆ సంస్థకు, 2002లో విమానం తొలిసారి ఎగిరాక గాని, ఎంచుకున్న ఇంజిన్ సత్తా చాలదని తెలియలేదు. వేరే ఇంజిన్ బిగించాలంటే విమానాన్నే చాలావరకు తిరిగి రూపొందించవలసి వచ్చింది. 2006లో, ఎగరడానికి సురక్షితమేనన్న ప్రభుత్వ ధ్రువీకరణ లభించినా, ఏటా వందలకొద్దీ అమ్మితేనే గిట్టుబాటయ్యే లెక్క అది. ఈ జెట్‌లకు పెద్ద కొనుగోలుదారు, ఫ్లోరిడాలో చిన్న విమానాలను టాక్సీల్లా నడిపిన డేజెట్ సంస్థ 2008 సెప్టెంబరులో చేతులెత్తేసింది, నవంబరులో ఎక్లిప్స్ దివాలా పిటిషన్ వేసింది.

ఒకే ఇంజిన్‌తో, ఆపదలో విమానం మొత్తాన్ని కిందికి దించే పారాచూట్‌తో వచ్చిన సిరస్ విజన్ జెట్‌కు 2016లో అనుమతి దక్కింది గాని, దానికీ దాదాపు పదేళ్లు పట్టింది. కనుక కొత్త జెట్ వార్త రాసేటప్పుడు ధరతోపాటు ధ్రువీకరణ ఏ దశలో ఉందో కూడా తెలియజేయవలసిందిగా మనవి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్